కంధమాల్ మంటలు, కుయి పెద్దల నీతి

కంధమాల్ మనకు పరాయి చోటు కాదు. పార్వతీపురం దాటి, రాయగడ దాటి, తూర్పు కనుమల వెంట ఉత్తరానికి పోతే వచ్చే కొండ జిల్లా అది. ఒడిశాలో ఉంది. అక్కడి కంధులు మాట్లాడేది కుయి. మన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనూ పార్వతీపురం మన్యంలోనూ కోదులు, సామంతులు అని పిలుచుకునే మనవాళ్లు మాట్లాడేది కువి. రెండూ అక్కాచెల్లెళ్ల వంటి భాషలు. గోండి కూడా ఆ కుటుంబంలోదే, తెలుగు దానికి దగ్గరి చుట్టం. దేవుణ్ణి కుయిలో పెను అంటారు, గోండిలో పెన్ అంటారు.

పాలనలోనూ మనం ఒకప్పుడు ఒక్క చోటే ఉన్నాం. గంజాం, విశాఖపట్నం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరు చేతిలో పెడుతూ కంపెనీ ప్రభుత్వం 1839లో ఒక చట్టం చేసింది. 'ఏజెన్సీ' అనే మాట అప్పటిదే. ఇప్పటి కంధమాల్‌లో బాలిగుడ వైపు భాగం 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు పాలనలోని గంజాం ఏజెన్సీలో ఉండేది. కాబట్టి అక్కడ జరిగింది మన ఇంటి పక్క గదిలో జరిగినట్టే లెక్క.

2007 డిసెంబరులోనూ, 2008 ఆగస్టు నుంచి కొన్ని నెలల పాటూ ఆ కొండల్లో మతం పేరున ఊళ్లు తగలబడ్డాయి. మన దగ్గర డిగ్రీ చదివే పిల్లలు అప్పటికి ఒడిలో ఉన్నారు, ఇంటర్ పిల్లలు పుట్టనే లేదు. మా పాఠ్యపుస్తకాలలో ఆ పేరు లేదు. ఫోనులో మాత్రం ఉంది. ఒక వీడియోలో అదంతా చర్చిల కుట్ర, ఇంకో వీడియోలో అదంతా ఆశ్రమాల కుట్ర. రెండిట్లోనూ ఆదివాసీ అంటే ఎవరో చెబితే కర్ర పట్టుకునేవాడు, లేదా ఎవరో చెబితే మోకరిల్లేవాడు. అతనికి సొంత బుద్ధి ఉన్నట్టు, సొంత చరిత్ర ఉన్నట్టు రెండూ చెప్పవు. అందుకే ఆ చరిత్రను కాస్త వెనక నుంచి చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాం.

1835, 1837 మధ్య కంపెనీ సైన్యం గుంసూరు జమీందారీ మీదికి పన్ను బకాయిల కోసం వెళ్లింది. జి.ఉదయగిరి పేరులోని 'జి' ఆ గుంసూరే. జమీందారు కొండల్లోకి పారిపోతే కంధులు ఆశ్రయం ఇచ్చారు. ఆశ్రయం ఇచ్చినందుకు వాళ్ల ఊళ్లు తగలబెట్టారు, పెద్దలను ఉరి తీశారు. ఆ యుద్ధంలోనే తెల్లవాళ్లకు మెరియా బలి గురించి తెలిసింది. నేల తల్లి తారి పెనుకు మనిషిని బలి ఇచ్చే ఆచారం అది. బలికి కొన్న మనిషిని కొన్నిసార్లు ఏళ్ల తరబడి ఊళ్లో పెంచేవారు. బలి అయ్యాక మాంసాన్ని పొలాల్లో పాతేవారు. పసుపుకు మంచి రంగు రావాలంటే నేలకు రక్తం కావాలనుకునేవారు. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కంధమాల్ పసుపు ఆ కొండలదే.

మనలో కొందరు ఈ సంగతి దాచిపెట్టాలంటారు. మేం అలా అనుకోం. పాతకాలం ఆదివాసీ అంతా అమాయకుడు, మతాలు వచ్చాకే చెడిపోయాడు అని పిల్లలకు చెబితే అది ఇంకో రకం అబద్ధం. భక్తితోనే మనిషిని చంపవచ్చని మన కొండలకూ తెలుసు. కంధుల్లోనే అప్పట్లో రెండు శాఖలు ఉండేవి. తారి పెనును కొలిచేవారు మనిషిని బలి ఇచ్చేవారు. సూర్యుడైన బూరా పెనును కొలిచేవారు నరబలిని మహాపాపం అనేవారు, కాని వాళ్లలో కొన్ని చోట్ల ఆడశిశువులను బతకనిచ్చేవారు కాదు. ఒకరి పాపం ఒకరికి కనబడేది, ఎవరిది వాళ్లకు కనబడేది కాదు.

కంపెనీ 1845లో మెరియా ఏజెన్సీ అని ఒక ప్రత్యేక శాఖ పెట్టింది. అందులో పనిచేసిన మాక్‌ఫర్సన్ అనే కెప్టెన్ కంధుల దేవుళ్ల గురించి, నీతి గురించి వివరంగా రాసిపెట్టాడు. ఆయన మిషనరీ కాదు, సైనికుడు. ఆయన రాసినవన్నీ నమ్మనక్కరలేదు గాని, కంధులు ఏవేవి పాపాలు అనుకునేవారో ఆయన ఇచ్చిన జాబితా మాత్రం టీచర్లందరూ తెలుసుకోవాల్సింది. ఇంటికి వచ్చినవాడికి తిండీ చోటూ లేదనడం పాపం. ఆశ్రయం కోరినవాణ్ణి వదిలేయడం పాపం. ఒట్టు తప్పడం, ఇచ్చిన మాట తప్పడం, స్నేహం కట్టిన చేతిని విడవడం పాపం. తెగ అంతా మునిగేటంత అప్పు చేయడమూ పాపమే. అబద్ధం ఆడడం కూడా పాపమే, ఒక్క సందర్భంలో తప్ప. అతిథి ప్రాణం కాపాడడానికి ఆడిన అబద్ధం పాపం కాదు.

ఈ ఒక్క మినహాయింపు దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. సత్యం ఎంత పెద్దదో చెప్పని మతం లేదు. సత్యం కన్నా పెద్దది ఎప్పుడు ఏది అవుతుందో కూడా కొండల్లో చదువు రాని పెద్దలు ఆలోచించి పెట్టుకున్నారు. గుంసూరు జమీందారు కోసం వాళ్ల ఊళ్లు తగలబడింది ఆ నీతి వల్లనే. ఇది గుర్తుంచుకొని ముందుకు పోదాం, 2008లో మళ్లీ దీని అవసరం పడింది.

మెరియాల కోసం తెచ్చిన పిల్లల్ని ఎవరు తెచ్చేవారు? ఎక్కువగా పాణోలు. వాళ్లు కంధుల ఊరి పక్కనే చిన్న వాడగా ఉండేవారు. నేతపని, వాయిద్యం, సరుకుల వ్యాపారం వాళ్లది. ఉప్పు, బట్ట కొండకు తెచ్చేదీ వాళ్లే, పసుపు, అటవీ సరుకు దిగువకు తీసుకుపోయేదీ వాళ్లే. సర్కారు మనిషి వస్తే కంధుడి మాట ఒరియాలో చెప్పేదీ వాళ్లే. కంధులకు వాళ్లు లేకపోతే గడవదు, కాని ముట్టుకోరు, తక్కువగా చూస్తారు. పాణోలకు భూమి లేదు, లెక్క తెలుసు. కంధులకు భూమి ఉంది, లెక్క తెలీదు. మన మన్యంలో సంతకు పోయే ఏ ఊరి పిల్లవాడికైనా ఈ బొమ్మ వెంటనే అర్థమవుతుంది. ఆ చిన్నచూపు, ఆ అప్పు పద్దు, ఈ రెండూ కలిసి నూరేళ్లకు పైగా పేరుకున్నాయి. ఇందులో మతం ఇంకా రాలేదని గమనించాలి.

మతం రెండు దారుల్లో వచ్చింది. కంపెనీ విడిపించిన మెరియా పిల్లలు సుమారు 1500 మంది. వాళ్లలో చాలామందిని కటకం, బరంపురం బాప్టిస్టు మిషను బడుల్లో పెట్టారు. తర్వాత మిషన్లు కొండ మీదికే వచ్చాయి, ఆసుపత్రులు, బడులు పెట్టాయి, కుయి భాషను అక్షరాల్లో పెట్టాయి. ఆ బడులను ఎక్కువగా వాడుకున్నది పాణోలు. అంటరానివాడు కాని చోటు ఒకటి దొరికితే ఎవరు వెళ్లరు? కంధుల్లోనూ కొందరు వెళ్లారు. 2001 జనాభా లెక్కల నాటికి జిల్లాలో ఆరున్నర లక్షల మంది ఉంటే, అందులో సగానికి కాస్త పైగా షెడ్యూల్డు తెగలు, సుమారు 17 శాతం షెడ్యూల్డు కులాలు. క్రైస్తవులు 18 శాతం.

రెండో దారి ఆశ్రమాలది. 1960ల చివర స్వామి లక్ష్మణానంద సరస్వతి చకాపాదలో ఆశ్రమం పెట్టారు, తర్వాత జలేస్‌పటాలో ఆడపిల్లల వసతి బడి పెట్టారు. విశ్వ హిందూ పరిషత్ నాయకుడు ఆయన. మతం మారడానికీ గోవధకూ వ్యతిరేకంగా నలభై ఏళ్లు తిరిగారు, చర్చికి వెళ్లినవాళ్లను వెనక్కి తెచ్చే కార్యక్రమాలు చేశారు. ఆయన బడిలో చదువుకొని పైకి వచ్చిన కంధుల ఆడపిల్లలు ఉన్నారు, మిషను బడిలో చదువుకొని పైకి వచ్చిన పాణో పిల్లలు ఉన్నారు. ఇద్దరూ చదువు ఇచ్చారు. ఇద్దరూ చదువుతో పాటు ఒక మాట కూడా ఇచ్చారు: మీ తాతలు కొలిచింది చాలదు. ఒకరు దాన్ని సైతాను అన్నారు, ఒకరు దాన్ని సంస్కారం లేని హిందూమతం అన్నారు. కేడు పండుగలో పోతును బలి ఇచ్చే కంధుడు ఇద్దరికీ దిద్దాల్సినవాడే అయ్యాడు.

ఇక జాబితా సంగతి. దీన్ని ప్రతి టీచరూ పిల్లలకు వివరంగా చెప్పాలని మా కోరిక. ఎందుకంటే కంధమాల్‌లో నిప్పు రాజుకున్నది ఇక్కడే. మన రాజ్యాంగం కింద 1950లో వచ్చిన ఉత్తర్వుల ప్రకారం షెడ్యూల్డు కులం మనిషి హిందువు అయి ఉండాలి. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను అందులో చేర్చారు. క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. షెడ్యూల్డు తెగలకు ఈ షరతు లేదు. అంటే కంధుడు చర్చికి వెళ్లినా తెగ మనిషే. పాణో చర్చికి వెళితే కాగితం మీద అతని కులమే పోతుంది. 2002లో తెగల జాబితా సవరించినప్పుడు ఒడిశాలో కంధ పేరు పక్కన కుయి అనే పేరూ చేరింది. పాణోలు అన్నారు, మా ఇంట్లోనూ కుయే మాట్లాడతాం, కాబట్టి మేమూ కుయిలమే, మాకూ తెగ హోదా ఇవ్వండి. హైకోర్టు దాకా వెళ్లారు. కంధులకు గుండె గుభేలుమంది. ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ 2 తెగల భూమిని ఇతరులు కొనకుండా ఆపుతుంది, మనకు 1/70 ఉన్నట్టే. పాణోలు తెగ అయిపోతే ఆ గోడ ఉండదు, పోయిన భూమి ఇక తిరిగి రాదు, కొలువులూ పోతాయి అనుకున్నారు.

ఇద్దరి బాధలోనూ న్యాయం ఉంది. పాణో అడిగేది బతకడానికి ఒక కాగితం. కంధుడు అడిగేది ఉన్న నేల నిలబడడం. ఇది కోర్టులో, గ్రామసభలో కూర్చొని తేల్చుకోవాల్సిన తగాదా. 1994లోనే ఈ రెండు వర్గాల మధ్య కొట్లాటలు జరిగాయి. అప్పుడు దాన్ని అందరూ కంధ, పాణో గొడవ అన్నారు. పదమూడేళ్ల తర్వాత అదే గొడవ హిందూ, క్రైస్తవ గొడవ అయింది. పేరు మారేసరికి దాని బలమే మారిపోయింది. భూమి తగాదా ఒక ఊరికి, ఒక గట్టుకి పరిమితం. దేవుడి పేరు పెడితే ఆ గట్టుతో సంబంధం లేనివాళ్లు కూడా లారీ ఎక్కి రావచ్చు.

2007 డిసెంబరు చివర, తెగ హోదా కోరికకు వ్యతిరేకంగా కుయి సంఘాలు బంద్ పిలిచిన రోజుల్లోనే, బ్రాహ్మణీగావ్‌లో క్రిస్మస్ పందిరి మీద తగువు మొదలైంది. అటుగా వస్తున్న స్వామి బండి మీద దాడి జరిగిందన్న వార్త పాకింది. నాలుగు రోజుల్లో చర్చిలు, ఇళ్లు తగలబడ్డాయి. హిందువుల ఇళ్లు కూడా కొన్ని తగలబెట్టారు. అది సద్దుమణిగిందనుకున్నారు. 2008 ఆగస్టు 23 రాత్రి, కృష్ణాష్టమి నాడు, జలేస్‌పటా ఆశ్రమంలోకి సాయుధులు వచ్చి ఎనభై ఏళ్లు దాటిన ఆ స్వామిని, మరో నలుగురిని కాల్చి చంపారు. చంపింది మేమేనని తర్వాత మావోయిస్టులు ప్రకటించారు. ముసలివాణ్ణి, నిద్రపోయే పిల్లల బడిలో చంపడం ఏ విప్లవమో మాకు అర్థం కాలేదు. అయితే ఆ ప్రకటన వచ్చేలోపే జనం క్రైస్తవులు చంపారని తీర్పు చెప్పేశారు. శవాన్ని జలేస్‌పటా నుంచి చకాపాదకు ఊళ్ల మీదుగా ఊరేగింపుగా తీసుకుపోనిచ్చారు. పోయిన దారంతా మంటలు లేచాయి.

ఆ తర్వాతి వారాల గురించి పొడుగ్గా రాయం. చనిపోయినవాళ్లు 40కి లోపు అని సర్కారు లెక్క, 100కి దగ్గర అని క్రైస్తవ సంఘాల లెక్క. వేల ఇళ్లు పోయాయి. పాతిక వేల మందికి పైగా శిబిరాల్లో తలదాచుకున్నారు, ఇంకా ఎందరో అడవుల్లో, వానలో. ఊరికి తిరిగి రావాలంటే హిందువులవుతామని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. గుండు గీయించారు, పేడ నీళ్లు తాగించారు. బరగఢ్ జిల్లా పదంపూర్‌లో ఒక అనాథాశ్రమంలో పిల్లలను చూసుకునే యువతిని క్రైస్తవురాలనుకొని గదిలో వేసి తగలబెట్టారు. ఆమె హిందువు. తానే అనాథగా పెరిగి, ఆ పిల్లలకు అన్నం పెడుతూ ఉండేది.

న్యాయం సంగతి కొన్ని అంకెల్లో చెబుతాం, ఇవి 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చినవి. నమోదైన కేసులు 827. అందులో 315 కేసులు నేరం రుజువు కాదనో, నేరస్థులు దొరకలేదనో మూసేశారు. విచారణ పూర్తయిన 362 కేసుల్లో శిక్ష పడింది 78కి. అటు స్వామి హత్య కేసులో 2013లో ఫుల్బాణి కోర్టు 8 మందికి జీవిత ఖైదు వేసింది. వాళ్లలో ఏడుగురు స్థానిక క్రైస్తవులు. వాళ్లకు సుప్రీంకోర్టు బెయిలు ఇచ్చేసరికి 2019 అయింది. అల్లర్ల మీద వేసిన న్యాయ విచారణ సంఘం 2009లో ఇచ్చిన మధ్యంతర నివేదికలో భూమి తగాదాలు, మత మార్పిడి, తిరుగు మార్పిడి, ఇవే మూలాలని చెప్పింది. అందులో భూమి ముందు వచ్చింది. పత్రికల్లో భూమి చివరికి పోయింది.

చచ్చినవాళ్లు కొండవాళ్లు. జైలుకు పోయినవాళ్లూ ఎక్కువగా కొండవాళ్లే. ఢిల్లీలోనూ ఇతర దేశాల్లోనూ కూర్చొని ఈ రెండు పక్షాలకూ మాటలు అందించినవాళ్లలో ఒక్కరి పసుపు చేను కూడా పాడుపడలేదు. జి.ఉదయగిరి దగ్గర నందగిరి అనే చోట, సొంత ఊరికి తిరిగి పోలేని కుటుంబాలకు కాలనీ కట్టారు. చెట్టూ చేనూ అక్కడే వదిలి, ఇల్లు మాత్రం ఇక్కడ.

అయినా ఆ నెలల్లోనే ఇంకోటి కూడా జరిగింది. క్రైస్తవ పొరుగువాళ్లను ఇంట్లో, గాదె వెనక, చేలో దాచిన హిందూ కుటుంబాలు ఉన్నాయని బాధితులే చెప్పారు. గుంపు వచ్చి అడిగితే, ఇక్కడెవరూ లేరు, నిన్ననే అడవి దాటిపోయారు అని చెప్పి పంపించారు. అతిథి కోసం ఆడిన అబద్ధం. ఆ ఇంటివాళ్లకు మాక్‌ఫర్సన్ ఎవరో తెలియకపోవచ్చు. ఆ నీతి మాత్రం నూట డెబ్బై ఏళ్ల తర్వాత కూడా ఆ ఇళ్లలో ఉంది. అదే కొండ, అదే జనం. గుంపులో నడిచిన మనిషీ తలుపుకు అడ్డం నిలబడిన మనిషీ ఒకే పెనును కొలిచిన తాతల మనవలు.

మా బడిలో ఈ సంగతి చెప్పినప్పుడు చర్చికి వెళ్లే ఒక పిల్ల, అలాంటి కథ బైబిల్లో కూడా ఉంది సార్ అంది. యెరికో పట్టణంలో రాహాబు అనే ఆమె ఇంటికి వచ్చిన పరాయివాళ్లను మిద్దె మీద జనుపకట్టెల కింద దాచి, రాజు మనుషులతో వాళ్లు వెళ్లిపోయారని చెప్పింది. నిజమే, అచ్చం అదే కథ. శిబి చక్రవర్తి కథ మనందరికీ తెలిసిందే, శరణన్న పావురం కోసం తొడ కోసి ఇచ్చాడు. ముస్లింల చరిత్రలో ఇంకా గొప్ప సంగతి ఉంది. మక్కాలో హింస భరించలేక తొలి ముస్లింలు కొందరు 615 ప్రాంతంలో సముద్రం దాటి అబిసీనియాకు పోయారు. అక్కడి రాజు క్రైస్తవుడు. వాళ్లను అప్పగించమని మక్కా పెద్దలు కానుకలతో మనుషులను పంపితే ఆ రాజు కానుకలు తిప్పి పంపేశాడు, శరణు వచ్చినవాళ్లను ఉంచుకున్నాడు. ఈ నాలుగు కథల్లో దేవుళ్లు వేరు, పూజలు వేరు. తలుపు దగ్గర చేసిన పని ఒక్కటే.

ఈ గొడవ ఒడిశాకో, క్రైస్తవులకో పరిమితం అనుకోవద్దు. కంధమాల్ ఇంకా కాలుతుండగానే, అదే 2008 అక్టోబరులో, మన ఆదిలాబాద్ జిల్లా భైంసాలో దుర్గ ఊరేగింపు దగ్గర హిందూ ముస్లిం అల్లర్లు మొదలయ్యాయి. రెండు రోజులకు పక్కనున్న వటోలి గ్రామంలో ఒకే ముస్లిం కుటుంబానికి చెందిన ఆరుగురిని ఇంట్లోనే సజీవంగా తగలబెట్టారు. గోండులు, కొలాములు సంతకు వెళ్లే జిల్లా అది.

ఆ గోండుల చరిత్రలోనే దీనికి ఎదురుగా పెట్టదగిన సంగతి ఒకటి ఉంది. ఇప్పటి మధ్యప్రదేశ్ ఛింద్వాడా దగ్గర దేవగఢ్ గోండు రాజ్యం ఉండేది. సింహాసనం తగువులో సాయం కోసం అక్కడి గోండు రాకుమారుడు ఔరంగజేబు దర్బారుకు వెళ్లి, ముస్లిం అయి, భక్త్ బులంద్ షా అనే పేరుతో తిరిగొచ్చాడు. నాగపూర్ నగరాన్ని 1702లో స్థాపించింది ఆయనే. భక్తితో మారాడని మేం అనం, గద్దె కోసం మారాడు. మాకు నచ్చేది ఆ తర్వాత జరిగింది. గోండులు ఆయన్ను వెలివేయలేదు, ఆయనా గోండు చుట్టరికాన్ని తెంచుకోలేదు. ఆ వంశం పేరుకు ముస్లిం అయినా పాత ఆచారాలు కొన్నిటిని పట్టుకునే ఉంది. పూజ మారిందని గోత్రం మారదు అనే తెలివి అప్పటి పెద్దలకు ఉంది.

ఇప్పుడు ఆ తెలివికే పరీక్ష వచ్చింది. మతం మారిన ఆదివాసీలను తెగల జాబితా నుంచి తీసేయాలని కొన్నేళ్లుగా సభలు జరుగుతున్నాయి. డీలిస్టింగ్ అనే మాట మన పిల్లల నోట కూడా వినబడుతోంది. యువకులు ఒక్క విషయం తెలుసుకోవాలి. ఈ రోజుకు ఉన్న చట్టం ప్రకారం మతం మారినంత మాత్రాన తెగ హోదా పోదు. 2004లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, ఆ మనిషి ఇంకా తెగ ఆచారాల్లో, తెగ సమాజంలో ఉన్నాడా లేదా అనేది చూడాలంది. ఒక ఊళ్లో నలభై గడపలుంటే పదిహేను చర్చికి వెళ్తున్నాయనుకుందాం. ఆ పదిహేను గడపలూ రేపు తెగ కాదంటే వాళ్ల భూమి ఏమవుతుంది? 1/70 ఎవరిని కాపాడుతుంది? గనుల వాళ్లు వచ్చిన రోజు గ్రామసభలో చేయెత్తేవాళ్లు నలభై నుంచి ఇరవై ఐదుకు తగ్గుతారు. ఆ తగ్గినవాళ్లను చూసి సంతోషించేది దేవుడు కాదు. చర్చి వైపువాళ్లకూ ఒక మాట చెప్పాలి. నిశాని రాళ్లను సైతాను రాళ్లన్న పాస్టరుతో పాటు నవ్వినవాళ్లు, కొత్తల పండుగ కూడు ముట్టనని అన్న ఇంట్లో పళ్లెం నెట్టేసినవాళ్లు, మేం ఇంకా ఈ సమాజంలోనే ఉన్నాం అని కోర్టులో ఎలా చెబుతారు? తినకపోతే తినకండి, పళ్లెం నెట్టేయడం ఎందుకు?

మా ఊళ్లలో ఇంకా ఇళ్లు తగలబడలేదు. ఇటుకల పండుగ చందా దగ్గర మాటలు పెరుగుతున్నాయి. శవాన్ని ఎక్కడ పాతాలి అనే దగ్గర రెండుసార్లు పోలీసులు వచ్చారు. బడిలో చేరే పిల్లవాడి ఫారంలో మతం అనే గడి ఉంటుంది. తల్లి ఏమీ చెప్పకముందే అక్కడ ఒక మాట పడిపోతుంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 79 లక్షల మంది ఇతర మతాలు అనే వరుసలో తమ పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో సర్నా అన్నవాళ్లు 49 లక్షలు, గోండు మతం అన్నవాళ్లు 10 లక్షలు. అడిగి రాస్తే ఇలా ఉంటుంది. మా బడిలో ఇప్పుడు అడిగే రాస్తున్నాం, ఏం చెబితే అదే. చెప్పలేనంటే ఖాళీగా వదిలేస్తున్నాం.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు ఈ ఏడాది ఒక పని ఇచ్చాం. మీ ఊళ్లో పెద్దలు పూర్వం దేని మీద ఒట్టు వేసేవారు, దాన్ని తప్పితే ఏమవుతుందనేవారు, ఇంటికి వచ్చినవాడికి ఏమేం బాకీ ఉంటామనేవారు, ఇవి అడిగి వాళ్లు చెప్పిన మాటల్లోనే రాయమన్నాం. కంధులు పులి చర్మం మీద, పుట్టమన్ను మీద ఒట్టు వేసేవారని పాత పుస్తకాల్లో ఉంది. మన దగ్గర ఏముందో ఇప్పుడు రాసుకోకపోతే మరో పదేళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. ఇప్పటికి మూడు ఊళ్ల నుంచి కాగితాలు వచ్చాయి. నాలుగో ఊరికి మేమే వెళ్లాం. పాత ఒట్టు మాటలన్నీ కువిలో తెలిసినాయన ఒక్కడే మిగిలాడని దిసారి చెప్పాడు. ఆయన చర్చి పెద్ద. ఆదివారం ప్రార్థన అయ్యాక రండి, దిసారిని కూడా తీసుకురండి, నేను మరిచిపోయిన చోట ఆయన అందిస్తాడు అన్నాడు.